చెయ్యి చాపినంత దూరంలో గులాబీ: సెంటు తయారీ డైరీ

ఏం కావాలో ముందే అంకెల్లో రాసి పెట్టుకుంటే మంచిది. లేకపోతే ప్రతి సీసా దగ్గరా "బాగుంది", "బాలేదు" అనుకుంటూ కూర్చోవడమే అవుతుంది. నేను రాసుకున్నవి ఇవి:

1. మణికట్టు మీద రెండు స్ప్రేలు కొట్టుకున్న అరగంటకి, మీటరు దూరంలో నిలబడ్డ మనిషికి ఏమీ తెలియకూడదు.
2. చెయ్యి చాపినంత దూరంలోకి, అంటే 60–70 సెంటీమీటర్ల లోపలికి వస్తే గులాబీ అని తెలియాలి.
3. నాలుగు గంటల తర్వాత మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఉండాలి.

గది నిండా పరుచుకునే గులాబీ సెంట్ల మీద నాకేమీ కోపం లేదు. 1979లో వచ్చిన గెర్లాన్ వారి నాహెమా, 1983లో సోఫియా గ్రోజ్‌మాన్ చేసిన ఈవ్ సాన్ లొరాన్ వారి 'పారిస్' సెంటు, రెండూ గట్టి గొంతున్న గులాబీలే, రెండూ గొప్పవే. కానీ రోజంతా పక్క కుర్చీలో మనుషులుండే చోట వాటిని రాసుకోవాలంటే జంకు. 2004లో జాన్ క్లోడ్ ఎలెనా ఎర్మెస్ కోసం చేసిన రోజ్ ఇకెబానా రెండో దారి పట్టింది. సెంటు రాసుకున్నట్టు కాకుండా మనిషే శుభ్రంగా, హాయిగా ఉన్నట్టు అనిపించాలి. నాకు కావాల్సింది ఆ దారి. నకలు అక్కర్లేదు.

దశ 1: సామాను, తూకం

రెండు దశాంశాల స్కేలు ఈ పనికి చాలదు. డ్రాపర్ నుంచి పడే ఒక్క చుక్క బరువు సుమారు 0.02–0.03 గ్రాములు. 0.01 గ్రా వరకే చూపించే స్కేలు మీద సగం చుక్క అటో ఇటో అయినా మనకి తెలియదు. గులాబీ కూర్పులో ఆ సగం చుక్కే కొంప ముంచే పదార్థాలున్నాయి. అందుకని 0.001 గ్రా చూపించే స్కేలు తెచ్చుకోవాలి. దానికి గాలి పడదు. ఫ్యాన్ తిరుగుతుంటే మూడో అంకె నిలబడనే నిలబడదు. ఫ్యాన్ ఆపి, స్కేలు చుట్టూ మూడు వైపులా అట్టముక్కలు నిలబెట్టాక అంకె కదలకుండా నిలిచింది.

మిగతావి: గాజు డ్రాపర్లు (ఒక్కో పదార్థానికి ఒక్కోటి, మార్చి మార్చి వాడకూడదు), ముదురు గోధుమరంగు గాజు సీసాలు, వాసన చూసే పేపర్ పట్టీలు, చేతి గ్లోవ్స్, డీపీజీ (డైప్రొపిలీన్ గ్లైకాల్, పలచన చెయ్యడానికి వాడే వాసన లేని ద్రవం), పెర్ఫ్యూమ్ తయారీకి అమ్మే ఇథనాల్. ఇథనాల్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పని చేసే చోట మంట ఉండకూడదు. చిక్కటి పదార్థాలేవీ నేరుగా చర్మం మీద పెట్టకూడదు.

ఘాటైన పదార్థాలని ముందే పలచన చేసి ఉంచుకోవాలి:

1. ఖాళీ సీసా స్కేలు మీద పెట్టి సున్నా చెయ్యండి.
2. 1.000 గ్రా పదార్థానికి 9.000 గ్రా డీపీజీ కలిపితే 10 శాతం ద్రావణం.
3. అందులోంచి 1.000 గ్రా తీసి 9.000 గ్రా డీపీజీ కలిపితే 1 శాతం.
4. మళ్ళీ అదే చేస్తే 0.1 శాతం.
5. సీసా మీద పేరు, శాతం, తేదీ రాసేదాకా రెండో సీసా మూత తియ్యకండి.

ఇథనాల్‌లో పలచన చేస్తే మూత తీసిన ప్రతిసారీ కొంత ఎగిరిపోయి, ద్రావణం మెల్లగా చిక్కబడుతుంది. డీపీజీకి ఆ బాధ లేదు. అసలైన గులాబీ నూనె ఒక్కటే ఇందుకు మినహాయింపు. దాని గొడవ దశ 5లో.

దశ 2: పాఠం ప్రకారం గులాబీ

ముందు అందరూ చెప్పే మామూలు కూర్పు చేశాను, దేన్ని తగ్గించాలో తెలియడానికి. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌ని ఇకపై పీఈఏ అంటాను. కుడివైపు అప్పటిదాకా అయిన మొత్తం, గ్రాముల్లో.

- పీఈఏ 3.50 → 3.50
- సిట్రొనెల్లోల్ 2.50 → 6.00
- జెరానియోల్ 1.50 → 7.50
- నెరోల్ 0.40 → 7.90
- జెరానిల్ అసిటేట్ 0.30 → 8.20
- యూజినోల్, 10 శాతం ద్రావణం 0.20 → 8.40
- రోజ్ ఆక్సైడ్, 10 శాతం 0.20 → 8.60
- బీటా డమాస్కోన్, 10 శాతం 0.30 → 8.90
- ఫినైల్ అసిటాల్డిహైడ్, 10 శాతం 0.20 → 9.10
- గెలాక్సొలైడ్ (మస్క్ వాసన పదార్థం), 50 శాతం 0.90 → 10.00

దీన్ని ఇథనాల్‌లో 15 శాతం చేసి చూశాను. కొలిచే పద్ధతి సులువే. నేల మీద అర మీటరుకొకటి చొప్పున టేపు ముక్కలు అంటించి, కిటికీలు వేసి, ఫ్యాన్ ఆపి, ఒకరు కుర్చీలో కూర్చుంటారు. ఇంకొకరు తలుపు దగ్గర నుంచి ఒక్కో టేపూ దాటుకుంటూ వస్తారు. వాసన తగిలిన చోట ఆగిపోవాలి. వచ్చే మనిషి అంతకుముందు పది నిమిషాలు బయట గాలిలో ఉండాలి. రాసుకున్నవాళ్ళ ముక్కుని ఈ కొలతకి నమ్మకూడదు, అది కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది.

అరగంట తర్వాత: 3 మీటర్లు. గులాబీయే, సందేహం లేదు. ముందు లిచీపండు మెరుపు (రోజ్ ఆక్సైడ్), దాని వెనకే పండిన ప్లమ్ (బీటా డమాస్కోన్). అందంగానే ఉంది గానీ నాకు కావాల్సిన దానికి మూడు రెట్లు పైనే పరుగెడుతోంది.

ఇప్పటివరకు కలిపిన గాఢ ద్రవం: 10 గ్రా.

దశ 3: నీళ్ళు పోస్తే నెమ్మదిస్తుందా?

ఎవరికైనా ముందు తట్టే ఉపాయం, అదే కూర్పుని తక్కువ శాతంలో కలపడం. 15 బదులు 5 శాతం చేశాను. సెంటు మూడో వంతుకి తగ్గింది, దూరం మాత్రం 3 నుంచి 2 మీటర్లకే తగ్గింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. పువ్వు ఒళ్ళు పోయింది. మొదటి పది నిమిషాలు స్పిరిట్, ఆ తర్వాత గులాబీ నీడ, రెండు గంటలకి ప్లమ్ జామ్ ఒక్కటే మిగిలింది.

కారణం పదార్థాల బలాల మధ్య ఉన్న తేడా. నీటిలో ఒక్కో పదార్థం ముక్కుకి తెలియాలంటే కనీసం ఎంత ఉండాలో కొలిచిన అంకెలున్నాయి. వంద కోట్ల పాళ్ళలో పీఈఏ 750 పాళ్ళుండాలి, సిట్రొనెల్లోల్‌కి 40 చాలు, రోజ్ ఆక్సైడ్‌కి 0.5. డమాస్కోన్ల కుటుంబంలోనే ఉన్న డమాస్కెనోన్‌కి 0.009. అంటే పీఈఏకీ దానికీ 80 వేల రెట్లకి పైగా తేడా. అన్నింటినీ ఒకే నిష్పత్తిలో పలచన చేస్తే పీఈఏ లాంటి సాధువులు ఆ కనీసపు గడప కిందకి జారిపోతాయి, డమాస్కోన్లు మాత్రం గడపకి ఎంతో ఎత్తున అలాగే ఉంటాయి. మనం తగ్గించింది గులాబీని, మిగిల్చింది దాని కేకని.

ఈ ప్రాజెక్టులో అసలు మలుపు ఇదే. నెమ్మదైన సెంటు అంటే పలచని సెంటు అని అమ్మేవాళ్ళూ అనుకుంటారు, కొనేవాళ్ళూ అనుకుంటారు. గొంతు తగ్గించాలంటే శాతాన్ని ముట్టుకోకుండా కూర్పులో పాళ్ళు మార్చాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. డమాస్కోన్లు చర్మానికి ఎలర్జీ తెప్పించగలవు కాబట్టి ఇఫ్రా (సెంట్ల పరిశ్రమ అంతర్జాతీయ సంఘం) ప్రమాణాల్లో వాటికి గట్టి పరిమితి ఉంది. చర్మం మీద కొట్టుకునే సెంట్లు కేటగిరీ 4 కిందకి వస్తాయి. ప్రస్తుతం అమల్లో ఉన్న పట్టిక చూసి, తుది సీసాలో శాతం లెక్కగట్టుకున్నాకే చర్మం మీద వాడండి.

దశ 4: డమాస్కోన్ పూర్తిగా తీసేస్తే

అదే కూర్పులో బీటా డమాస్కోన్, రోజ్ ఆక్సైడ్ రెండూ తీసేసి 5 గ్రాములు చేశాను. అరగంటకి ఒక మీటరు. అంకె చూస్తే దగ్గరికొచ్చినట్టే. అక్క టేపుల మీదుగా వచ్చి, చెయ్యి పట్టుకుని వాసన చూసి, "ఇప్పుడే చేతులు కడుక్కొచ్చావా? సబ్బు బాగుంది" అంది.

అక్క అన్నది నిజమే. పీఈఏ, సిట్రొనెల్లోల్, జెరానియోల్ ఈ మూడే మిగిలితే చేతుల సబ్బే తయారవుతుంది, దశాబ్దాలుగా సబ్బుల్లో గులాబీ అంటే ఆ మూడే కాబట్టి. గులాబీ నూనెలో డమాస్కెనోన్ ఉండేది చిటికెడులో చిటికెడు. 1970 ప్రాంతంలో గాని రసాయనవేత్తలు దాన్ని పట్టుకోలేకపోయారు. ఆ చిటికెడు లేకపోతే ముక్కు పువ్వుగా ఒప్పుకోదు.

ఈ దశలోనే ఫినైల్ అసిటాల్డిహైడ్ కూడా శాశ్వతంగా పోయింది. మొదటి సీసాని పక్కన పెట్టి కొన్ని వారాల తర్వాత తీస్తే, అందులో తేనె లాంటి పచ్చిదనం చచ్చిపోయి ఉంది. ఆ పదార్థం ఆల్కహాల్‌తో మెల్లగా చర్య జరుపుతుంది, దానంతటదే చిక్కబడుతుంది కూడా. రోజుకో రకంగా ఉండే దాన్ని పెట్టుకుని కొలతలు తియ్యలేం. పచ్చిదనం కోసం సిస్-3-హెక్సెనోల్ తీసుకున్నాను, తెంచిన గడ్డి వాసన. 1 శాతం ద్రావణం చాలు.

ఇప్పటివరకు: 15 గ్రా.

దశ 5: ఒళ్ళు ఎక్కడి నుంచి తేవాలి

గులాబీ నూనెని ఆవిరి పట్టి తీస్తారు. బల్గేరియాలో కజన్లక్, తుర్కియేలో ఇస్పార్తా దీనికి పేరుపడ్డ ఊళ్ళు. కిలో నూనెకి మూడున్నర నుంచి నాలుగు టన్నుల దాకా పూలు కావాలి. ఆ బట్టీలో పీఈఏ నీళ్ళలో కరిగిపోయి పన్నీరులోనే ఉండిపోతుంది, నూనెలోకి వచ్చేది కొన్ని శాతాలే. అదే పూలని సాల్వెంట్‌తో తీస్తే వచ్చే అబ్సొల్యూట్ అనే సారంలో సగానికి పైగా పీఈఏ. కాబట్టి నెమ్మదైన గులాబీ చేసేవాళ్ళు నూనెని అనుకరించకుండా పన్నీరు వైపు చూడాలి. పీఈఏ ముందుకి, జెరానియోల్, సిట్రొనెల్లోల్ వెనక్కి.

పీఈఏ ఒక్కటే ఎక్కువైతే చప్పగా ఉంటుంది. దానికి గాలి ఆడేలా చెయ్యడానికి హెడియోన్ అనే పదార్థం. 1966లో ఎడ్మండ్ రుడ్‌నిట్స్కా డియోర్ వారి ఓ సావాజ్‌లో వాడి చూపించినప్పటి నుంచి సెంట్లలో తేలికదనం కావాల్సిన చోటల్లా ఇది ఉంటుంది. దీనికి సొంతంగా పెద్ద వాసనేమీ ఉండదు. పక్కనున్న వాటి మధ్య ఖాళీ తెస్తుంది.

ఇక అసలైన గులాబీ నూనె. 10 శాతం చేద్దామని డీపీజీలో వేస్తే మసకబారింది, కాసేపటికి సీసా అడుగున తెల్లటి పొరలు. ఆ నూనెలో మైనం లాంటి స్టియరాప్టీన్లుంటాయి, డీపీజీకి అవి లొంగవు. గది చల్లగా ఉంటే అసలు సీసాలోనే నూనె గడ్డకడుతుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు గాజు గోడ నుంచి లోపలికి పెరిగి, ఒకదాని మీదొకటి ఒరిగి కనిపిస్తాయి. మూత తీసే ముందు సీసాని పిడికిట్లో పట్టుకుని అవి పూర్తిగా కరిగేదాకా ఆగాలి. పైన తేరుకున్న ద్రవాన్ని మాత్రమే తీస్తే మిగిలిన నూనె పాళ్ళు మారిపోతాయి. కరిగాక ఇథనాల్‌లో 10 శాతం చేశాను, తేటగా వచ్చింది. ఈ నూనెలో మిథైల్ యూజినోల్ సహజంగానే ఉంటుంది. దానికీ ఇఫ్రా పరిమితి ఉంది, లెక్కలో కలుపుకోండి.

మిగిలింది డమాస్కెనోన్ మోతాదు. ప్లమ్, పొగాకు ధోరణి ఉన్న బీటా డమాస్కోన్ బదులు దీన్నే ఎంచుకున్నాను. అది తప్ప మిగతావన్నీ కలిపిన కూర్పుని 2 గ్రాముల చొప్పున మూడు సీసాల్లో పోసి, 0.1 శాతం ద్రావణాన్ని మూడు మోతాదుల్లో వేశాను. 10 గ్రాముల లెక్కన చెప్తే:

- 0.10 గ్రా: ఇంకా సబ్బే. పక్కపక్కన పెట్టి చూస్తే కొంచెం తడి తగులుతుంది, అంతే.
- 0.30 గ్రా: సబ్బు పోయింది. డమాస్కెనోన్ ఉందని పట్టుకోలేం, లేకపోతే మాత్రం తెలుస్తుంది.
- 0.60 గ్రా: పండు. జామ్ మళ్ళీ మొదలు.

10 గ్రాముల్లో 0.30 గ్రాముల ద్రావణం అంటే అసలు పదార్థం 0.0003 గ్రా, పది లక్షల పాళ్ళలో 30. స్కేలు గురించి అంత గొడవ చేసింది ఇందుకే.

ఇప్పటివరకు: 21 గ్రా.

దశ 6: రెండో కూర్పు

- పీఈఏ 3.00 → 3.00
- హెడియోన్ 2.60 → 5.60
- సిట్రొనెల్లోల్ 0.90 → 6.50
- జెరానియోల్ 0.30 → 6.80
- జెరానిల్ అసిటేట్ 0.10 → 6.90
- మిథైల్ అయొనోన్ (వయొలెట్ పువ్వు వాసన) 0.40 → 7.30
- గులాబీ నూనె, 10 శాతం 0.40 → 7.70
- రోజ్ ఆక్సైడ్, 1 శాతం 0.20 → 7.90
- డమాస్కెనోన్, 0.1 శాతం 0.30 → 8.20
- సిస్-3-హెక్సెనోల్, 1 శాతం 0.20 → 8.40
- యూజినోల్, 1 శాతం 0.20 → 8.60
- ఇథిలీన్ బ్రాసిలేట్ 1.40 → 10.00

గెలాక్సొలైడ్ తీసెయ్యడానికి కారణం ముక్కులు. కొంతమందికి ఆ మస్క్ అసలు తెలియదు, కొంతమందికి చాకిరేవులా తెలుస్తుంది. దాని బదులు వేసిన మస్క్, ఇథిలీన్ బ్రాసిలేట్, మెత్తగా, పౌడర్‌లా ఉండి గులాబీ కిందే ఒదుగుతుంది.

12 శాతంలో చూస్తే అరగంటకి 70 సెంటీమీటర్లు. దూరం కుదిరింది. రెండు గంటలకల్లా మాయమైంది. అంటే మూడో షరతు తప్పింది.

నిలబడటానికి ముందు ఐసో ఈ సూపర్ అనే చెక్క వాసన పదార్థం ప్రయత్నించాను, 10 గ్రాముల లెక్కన హెడియోన్‌లో 1 గ్రాము తీసి ఆ స్థానంలో. చిన్న సీసాలో 2 గ్రాములే చేశాను, అదే మేలైంది. నిలిచింది గానీ గులాబీ పోయి అప్పుడే చెక్కిన పెన్సిల్ వచ్చింది. పక్కన పెట్టేశాను.

తర్వాత రోజ్ క్రిస్టల్స్. తెల్లటి స్ఫటికాలు, వాసన చాలా తక్కువ, కదలదు, రోజుల తరబడి పట్టీ మీద ఉంటుంది. గట్టి గులాబీ సెంటులో ఇది ఉన్నట్టే తెలియదు, నెమ్మదైన దాంట్లో అడుగున నిలబడుతుంది. 0.40 గ్రా వేసి, పీఈఏ అంత తగ్గించాను. ముందే పీఈఏలో వేసి, సీసాని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి తిప్పితే కరిగింది. చివర్లో వేస్తే అడుగున ఇసుకలా కూర్చుంటుంది.

మిథైల్ అయొనోన్ కూడా సగం చేశాను. అయొనోన్ల గుణం ఏమిటంటే కాసేపు తెలిసి, ముక్కుని మొద్దుబారేలా చేసి, మళ్ళీ తెలుస్తాయి. రాసుకున్నవాళ్ళు సెంటు పోయిందనుకుని ఇంకో రెండు స్ప్రేలు కొట్టుకుంటే మన దూరం లెక్కంతా గాలికి పోతుంది.

ఇప్పటివరకు: 33 గ్రా.

దశ 7: నిలబడ్డ కూర్పు

రెండో కూర్పులో మారినవి నాలుగే: పీఈఏ 2.60, హెడియోన్ 2.80, మిథైల్ అయొనోన్ 0.20, కొత్తగా రోజ్ క్రిస్టల్స్ 0.40. మొత్తం మళ్ళీ 10.00. అన్ని దశలూ కలిపి 43 గ్రా.

లెక్కలో ఒక తిరకాసుంది. ఈ 10 గ్రాముల్లో దాదాపు 1.25 గ్రాములు ద్రావణాల్లోంచి వచ్చిన డీపీజీ, ఇథనాల్. కాబట్టి సీసా మీద 12 శాతం అని రాసినా అసలు వాసన పదార్థం 10.5 శాతం దగ్గరే.

1. 1 గ్రా విడిగా తీసి, సీలు వేసి, చీకట్లో పెట్టండి. తర్వాత చేసేవాటిని పోల్చడానికి.
2. మిగిలిన 9 గ్రాములకి 66 గ్రా ఇథనాల్ కలిపితే 75 గ్రాములు, 12 శాతం. ఇది 100 మిల్లీలీటర్ల సీసాలో పడుతుంది.
3. మూడు నాలుగు వారాలు చల్లగా, చీకటిగా ఉన్న చోట ఉంచండి. మొదటి వారం స్పిరిట్ ముందుకొస్తూనే ఉంటుంది, అప్పుడే తీర్పు చెప్పొద్దు.
4. చివరి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే కాఫీ ఫిల్టర్‌లో వడకట్టండి. గులాబీ నూనె మైనం ఏమైనా ఉంటే అక్కడ ఆగుతుంది.
5. మోచేతి లోపలి వైపు ఒక్క చుక్క వేసి ఒక రోజు చూడండి. సిట్రొనెల్లోల్, జెరానియోల్, యూజినోల్ కొందరి చర్మానికి పడవు.

కొలతలు: అరగంటకి 65 సెంటీమీటర్లు. రెండు గంటలకి 30. నాలుగు గంటలకి ముక్కు ఆనిస్తే ఉంది, పువ్వు కంటే చర్మంలా. అక్క ఈసారి అర మీటరు టేపు దాకా వచ్చి, "ఏదో బాగుంది, ఏంటో తెలీట్లేదు" అని ఇంకో అడుగు ముందుకేసి, "గులాబీనా?" అంది. అడిగిన తీరు చూసి 12 శాతం మార్చలేదు.

వేడికి మాత్రం ఈ అంకెలు పనికిరావు. ఎండలో నడిచొచ్చిన చర్మం మీద కొడితే దూరం మీటరు దాటింది, రెండున్నర గంటల్లో అయిపోయింది. అప్పుడు చర్మానికి బదులు చొక్కా లోపలి అంచు మీద ఒక్క స్ప్రే కొడితే 50 సెంటీమీటర్లకి వచ్చింది, సాయంత్రం దాకా ఉంది. లేత రంగు బట్ట మీద ముందు మూలలో చుక్క వేసి, ఆరాక మరక పడలేదని చూసుకోండి.

ప్రస్తుతం పక్కన మాగుతున్న సీసా ఇదే కూర్పు, గులాబీ నూనె మాత్రం లేకుండా. దాని స్థానంలో 0.40 గ్రా ఇథనాల్. రెండూ పట్టీ మీద మొదటి గంటలో తేడా చూపిస్తున్నాయి, నూనె ఉన్నదానిలో కొంచెం మిరియం, కొంచెం మైనం ఉన్నాయి. రెండో గంట నుంచి పేర్లు కప్పేస్తే నేను విడదీయలేకపోతున్నాను. వడకట్టాక టేపుల మీద కూడా తేడా రాకపోతే, కాపీ చేసుకునేవాళ్ళు నూనె కొననక్కర్లేదు.